ఎర్రకారం అమ్మాలంటే ఇంటి వంట మానాలి

"మా అమ్మ చేసే ఎర్రకారం ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతారు. సీసాల్లో పెట్టి అమ్ముదామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. కర్నూల్లో నేనూ మా వదినా కలిసి మిరపకాయ సాస్ చేసి అమ్ముతున్నామని తెలిసినవాళ్ళు, వాళ్ళ బంధువులు, ఆ బంధువుల స్నేహితులు. అందరికీ నేను చెప్పేది ఒకటే. మీ అమ్మగారి ఎర్రకారం ఎంత బాగున్నా సరే, దాన్ని అలాగే సీసాలో పెట్టి అమ్మొద్దు.

కొందరు మొహం ముడుచుకుంటారు. పోటీకి వస్తారని భయపడి ఇలా చెబుతోంది అనుకునేవాళ్ళూ ఉంటారు. అనుకోనీండి. అమ్మడానికి చేసేది ఇంటి వంట కాదు. ఇంట్లో ఎవరూ వేయని రెండు లెక్కలు అక్కడ వేయాలి. ఒకటి పులుపు లెక్క, రెండోది కూలి లెక్క. మొదటిది వేయకపోతే కొన్నవాళ్ళకు ప్రమాదం, రెండోది వేయకపోతే చేసినవాళ్ళకు నష్టం. "ఇంట్లో చేసిందండీ, అంతా స్వచ్ఛం" అని సీసా మీద రాసేవాళ్ళలో చాలామంది ఈ రెండూ వేయరు.

మన ఎర్రకారం ఎలాంటిదో మీకు తెలుసు. నానబెట్టిన ఎండుమిరపకాయలో పండుమిరపకాయలో, ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఉప్పు, ఇష్టమైతే కాస్త చింతపండు. రుబ్బి దోశ మీద పూస్తాం, పైన పప్పుల పొడి చల్లుతాం. మిగిలితే సాయంత్రం ఉగ్గానిలోకో, రాత్రి సంగటిలోకో. మరునాటికి ఉంచినా దాని రుచి పోతుంది, ఉల్లి కంపు కొడుతుంది. అంటే అది పూటకు చేసుకునే వంట. ఆవకాయలా ఏడాది నిలవ ఉండాలని ఎవరూ దాన్ని కనిపెట్టలేదు. ఆవకాయ నిలిచేది పైన తేలే నూనె వల్ల మాత్రమే కాదు. మామిడికాయ పులుపు, దండిగా పడే ఉప్పు దాన్ని కాస్తాయి. నూనె గాలిని ఆపుతుంది, బూజు పట్టనివ్వదు, అంతే. ఎర్రకారంలో ఆ పులుపూ లేదు, అంత ఉప్పూ లేదు. పైగా ఉల్లిగడ్డ నిండా నీళ్ళు.

ఇక్కడ కొంచెం సైన్సు తప్పదు. పులుపును కొలిచే అంకె పీహెచ్. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. 4.6కి పైన ఉండి, తేమ ఉండి, గాలి తగలని చోట క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి పెరిగి విషం తయారుచేయగలదు. నరాల మీద పనిచేసే విషం అది, ప్రాణం తీసేంతది. ఈ జీవి బీజాలు నేలలో ఉంటాయి కాబట్టి ఉల్లి, వెల్లుల్లి లాంటి మట్టిలో పెరిగేవాటితో పాటు వంటింట్లోకి వస్తాయి. మామూలుగా మరిగిస్తే అవి చావవు. ప్రెషర్ పెట్టి 121 డిగ్రీల దాకా తీసుకెళ్ళాలి. ఉల్లి పీహెచ్ 5కు పైన, వెల్లుల్లిది 6 దగ్గర. పండుమిరపకాయది 5కు అటూ ఇటూ. ఈ మూడూ రుబ్బి, నూనెలో వేయించి, సీసాలో కుక్కి, పైన వేలెడు నూనె పోసి, గట్టిగా మూత బిగించి అంగట్లో పెట్టామనుకోండి. ఆ జీవికి కావలసిన ఇల్లు మనమే కట్టిచ్చినట్టు. పైగా వాసన చూసినా, రంగు చూసినా ఏమీ తెలియకపోవచ్చు.

ఇదంతా విన్నాక మా అత్త అన్న మాట: "మనం తినేదే కదమ్మా అమ్మేది. మనకేమైంది ఇన్నేళ్ళూ?" ఆ మాటకు జవాబు చెప్పాల్సిందే, ఎందుకంటే ఇంటింటా వినిపించే వాదన అదే. మనకేమీ కాలేదు, ఎందుకంటే మనం రుబ్బిన పూటే తిన్నాం. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టాం. వాసన తేడాగా ఉంటే ఆవిడే పారబోసింది. కొన్నవాళ్ళ దగ్గర ఆ "ఆవిడ" లేదు. మన సీసా ఆదోనిలో ఏ కిరాణా అంగట్లోనో, మే నెల ఎండలో, రేకుల కప్పు కింద రెండు నెలలు కూర్చుంటుంది. కొన్నాయన ఇంట్లో పిల్లాడు తడి స్పూన్ పెట్టి తీస్తాడు. తెరిచిన సీసా పొయ్యి పక్కనే ఉంటుంది. వీటన్నిటినీ తట్టుకునేలా చేస్తేనే అది అమ్మదగిన సరుకు.

అయితే మన పెద్దవాళ్ళకు నిలవ చేయడం తెలియదని కాదు. పండుమిరపకాయల తొక్కు వాళ్ళ విద్యే. కాయలు కడిగి, నీడన తడి ఆరనిచ్చి, తొడిమలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి దంచి జాడీకి ఎత్తేవాళ్ళు. చింతపండు పీహెచ్ 3 కన్నా తక్కువే ఉంటుంది, దానికి ఉప్పు తోడు. కావలసినప్పుడు కొంచెం తీసుకుని, ఆ పూటకు ఉల్లి, వెల్లుల్లి చేర్చి రుబ్బి పోపు పెట్టుకునేవాళ్ళు. నిలవ ఉండేది జాడీలో, ఉండనిది రోట్లో. ఎంత తెలివైన పద్ధతో చూడండి. మేం చేసింది ఆ రెంటినీ ఒక సీసాలోకి తేవడం. దానికి తొక్కులో పడే పులుపు చాలదు, ఎందుకంటే ఉల్లి వెల్లుల్లి చేరగానే అంకె పైకి ఎగబాకుతుంది. వెనిగర్ వాడక తప్పలేదు.

మా పని ఇలా సాగుతుంది. సీజన్లో కొన్న పండుమిరపకాయలు ఉప్పుతో దంచి మూత ఉన్న డ్రమ్ముల్లో పెడతాం. అందులోంచి తీసుకుని, ఉల్లి వెల్లుల్లి విడిగా ఉడికించి, అన్నీ కలిపి రుబ్బి, వెనిగరూ చింతపండు గుజ్జూ పోస్తాం. అప్పుడు గిన్నెలోంచి ఒక గరిటెడు తీసి స్టీలు గ్లాసులో వేసి చల్లార్చాలి. వేడి మీద కొలిస్తే మీటర్ చెప్పే అంకె నమ్మలేం. మీటర్‌ను ముందు 7 ద్రావణంలో, తర్వాత 4 ద్రావణంలో ముంచి సరిచూసి, తుడిచి, సాస్‌లో పెడతాను. అంకెలు కాసేపు ఊగుతాయి. 4.1, 3.9, మళ్ళీ 4. వదిన గరిటె పట్టుకుని నా మొహం చూస్తూ నిలబడుతుంది. 3.8 కంటే కిందికి దిగి నిలబడితే గానీ పొయ్యి వెలిగించం. 4.6 ప్రమాదం మొదలయ్యే గీత, ఆ గీత మీద కాలు పెట్టి నిలబడే ధైర్యం నాకు లేదు. మర్నాడు ఒక సీసా తెరిచి మళ్ళీ చూస్తాం, ఎందుకంటే ఉల్లి ముక్కల లోపలికి పులుపు పట్టడానికి టైమ్ పడుతుంది, రాత్రి చూపిన అంకె పొద్దునకు కాస్త పెరగొచ్చు. నూనె మాత్రం చివర్లో, చాలా తక్కువ. నూనె అంటిన మీటర్ సరైన అంకె చూపించదు.

తర్వాత సాస్ ఉడుకుతుండగానే, 85 డిగ్రీలకు తగ్గకుండా, వేడి సీసాల్లో నింపి మూత బిగించి కాసేపు తలకిందులుగా పెట్టాలి. మూత లోపలి వైపుకు కూడా ఆ వేడి తగలాలి. ఈ పని చేసేటప్పుడు ఆవిరిలో వచ్చే ఘాటు ఉంటుంది చూడండి, అది గొంతులో కూర్చుంటుంది. వెనిగర్, మిరప కలిసి లేస్తాయి. మొదట్లో పక్కింటి పెద్దాయన గోడ మీదుగా "ఏం చేస్తున్నారమ్మా, పిల్లోళ్ళు ఒకటే దగ్గుతున్నారు" అని కేకేశాడు. ఇప్పుడు వంట మేడ మీదికి మార్చాం, గాలి వాటం చూసుకుని వెలిగిస్తాం. చేతులకు గ్లోవ్స్ లేకుండా మిరపకాయ ముట్టుకోం. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే మంట పెట్టిన చేతిని ఎంత కడిగినా పోదు. ముందు కాస్త వంటనూనె రుద్దుకుని తర్వాత సబ్బు పెట్టాలి.

ఇంత తతంగం ఉంటే పేద ఆడవాళ్ళు వ్యాపారం ఎలా చేస్తారు, చదువుకున్నవాళ్ళకే సాగే మాటలివి, అని ఒక డ్వాక్రా అక్క నాతో వాదించింది. ఆమె కోపం అర్థమైంది కానీ ఒప్పుకోలేదు. మీటర్ ఖరీదు ఒక మంచి మిక్సీ కంటే తక్కువే, దాన్ని చదవడానికి డిగ్రీ అక్కర్లేదు. అదీ వద్దనుకుంటే పొడులతో మొదలుపెట్టమన్నాను. కారప్పొడి, పప్పుల పొడి, కరివేపాకు పొడి. నీళ్ళు లేని చోట ఆ జీవి పెరగదు, పొడికి పీహెచ్ గొడవ లేదు. తేమ తగలకుండా చూసుకుంటే చాలు. చెనక్కాయల పొడికి మాత్రం గింజలు ఏరుకోవాలి. బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా పూర్తిగా పోదు. ఆ అక్క ఇప్పుడు పొడులే చేస్తోంది, మా కన్నా ఎక్కువే అమ్ముతోంది.

ఇక కూలి లెక్క. ఇందులో నాకు ఇంకా ఎక్కువ పట్టుదల.

200 గ్రాముల సీసా ఒకటి తీసుకోండి. మిరప, ఉల్లి, వెల్లుల్లి, వెనిగర్, ఉప్పు, నూనె అన్నీ కలిపి మాకు 28 రూపాయలు. సీసా, మూత 15. లేబుల్, సీల్ 5. గ్యాసు, కరెంటు 6. పగిలినవి, పారబోసినవి సర్దుకోవడానికి 4. ఇప్పటికి 58 అయ్యింది. చాలామంది ఇక్కడ ఆపేస్తారు. వందకు అమ్ముదాం, అంగడాయనకు పాతిక పోయినా 75 వస్తుంది, సీసాకు 17 లాభం అంటారు. మరి పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డ ఇద్దరి సంగతి? మనిషికి రోజుకు 500 వేసినా, ఇద్దరం కలిసి 50 సీసాలు నింపితే సీసాకు 20. ఇప్పుడు ఖర్చు 78. అంటే 17 లాభం కాదు, 3 నష్టం. ఆ నష్టం పుస్తకంలో కనబడదు, వదిన నడుము నొప్పిలో కనబడుతుంది.

అందుకే మా సీసా 140. అంగడికి పాతిక శాతం, అంటే 35 పోగా 105 వస్తుంది, ఖర్చు పోగా మిగిలేది 27. "ఇంట్లోనే కదా చేసేది, షాపు అద్దె లేదు, పనోళ్ళు లేరు, ఇంత రేటా?" అనే ప్రశ్న వారానికొకసారైనా వస్తుంది. పనివాళ్ళు ఉన్నారండీ. వాళ్ళు మేమే. బయట హోటల్లో వంటమనిషికి జీతం ఇవ్వడం తప్పనిపించని వాళ్ళకు, ఇంట్లో ఆడమనిషి చేసిన పనికి రేటు కట్టగానే ఎందుకో గొంతులో ఏదో అడ్డం పడుతుంది. మొదటి నెల నుంచే వదిన కూలి ఆమె ఖాతాలో వేస్తున్నాం, లాభం వచ్చినా రాకపోయినా. మా అన్నకు ఇది వింతగా తోచింది. "ఇంటి డబ్బు ఇంట్లోనే తిప్పుతున్నారు" అన్నాడు. తిప్పుతున్నాం, కానీ ఇప్పుడు అది ఎవరి డబ్బో తెలుస్తోంది.

ఇంకో రకం విమర్శ ఉంది, ఇది ఇంకా పదునైంది. 2025లో కర్నూలు ఉల్లి ధర పడిపోయి, ప్రభుత్వం క్వింటా 1,200 చొప్పున కొనాల్సి వచ్చింది. అంటే కిలో 12. అదే ఏడాది మిర్చి ధర కూడా కూలితే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ఖరారు చేసింది. మార్కెట్ యార్డు ముందు రైతులు ఉల్లి పారబోసిన ఊళ్ళో కూర్చుని 140కి సాస్ అమ్ముతారా, ధర తగ్గించరా అని అడిగారు. మా సీసాలో ఉల్లి వాటా రెండు రూపాయల చిల్లర. ఉల్లి ఊరికే ఇచ్చినా సీసా ధరలో ఆ రెండే తగ్గుతాయి. గాజుసీసా కంపెనీ ఉల్లి ధర చూసి రేటు తగ్గించదు కదా. "విలువ జోడిస్తే రైతు బాగుపడతాడు" అని సభల్లో చెప్పేవాళ్ళు ఈ లెక్క చూడాలి. జోడించిన విలువలో ఎక్కువ భాగం గాజుకు, గ్యాసుకు, అంగడికి, చేతులకు పోతుంది. రైతుకు మేలు జరగాలంటే దారి వేరు, దాని గురించి చివర్లో చెబుతాను.

కారం ఎంతుండాలనే దాని మీద పెద్దగా చర్చ అక్కర్లేదు. తేజ రకం ఘాటు, బ్యాడిగి రకం రంగు. రెండూ కలపడమే. మన కర్నూలు రైతులు కాయలు లారీలకెత్తి కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్‌కు తీసుకెళ్ళేదే ఆ రంగుకు పలికే రేటు కోసం. ఎక్కువ మంట ఉంటే గొప్ప అనుకునే కుర్రాళ్ళు ఒక సీసా కొంటారు, స్నేహితులతో పందెం వేస్తారు, మళ్ళీ రారు. దోశ మీద రోజూ పూసుకునేవాళ్ళే నెలనెలా వస్తారు.

కాగితాల పని అనుకున్నంత భయపడేది కాదు. మేం తీసుకునేనాటికి, ఏడాదికి 12 లక్షల లోపు అమ్మేవాళ్ళకు ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ సరిపోయేది, ఫీజు ఏడాదికి 100 రూపాయలు ఉండేది. 14 అంకెల నంబరు వస్తుంది, అది లేబుల్ మీద ఉండాలి. చిన్న పరిశ్రమగా గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ నమోదుకు ఫీజే లేదు. వీటికి వేలకు వేలు అడిగే ఏజెంట్లు ఉంటారు, దండం పెట్టి పంపేయండి. లేబుల్ మీద మాత్రం జాగ్రత్త. దినుసులు ఎక్కువ నుంచి తక్కువ వరుసలో, బరువు, ఎమ్మార్పీ, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, చిరునామా, ఆకుపచ్చ గుర్తు, అన్నీ ఉండాలి. "సహజం", "స్వచ్ఛం", "సంప్రదాయం" లాంటి మాటలు ఇష్టమొచ్చినట్టు వాడకుండా ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనలు షరతులు పెట్టాయి. నాకు ఆ షరతులు నచ్చాయి. ఒక సీసాను బ్యాచ్ నంబరుతో ల్యాబ్‌కు పంపి రిపోర్టు తెచ్చుకున్నవాళ్ళకు ఆ మాటల అవసరమూ ఉండదు.

అంగళ్ళ గురించి ఎక్కువ రాయాలని లేదు, రాస్తే కోపం వస్తుంది. "పెట్టిపోండమ్మా, అమ్ముడుపోయినాక ఇస్తాం" అంటారు. అమ్ముడుపోతాయి. అడగడానికి వెళ్తే యజమాని ఊళ్ళో ఉండడు. ఒకచోట సీసాలన్నీ ఖాళీ అయిపోయినా డబ్బులకు బదులు సబ్బులూ బిస్కెట్లూ తీసుకెళ్ళమన్నారు. ఇప్పుడు కొత్త అంగడికి ఒక డజను మించి ఇవ్వం, పాత బాకీ తీరితేనే కొత్త డజను.

ఇక చివరి ప్రశ్న, లోన్ తీసుకుని పెంచొచ్చు కదా అని. పెంచడానికి దారులున్నాయి. 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్ఎంఈ పథకంలో బ్యాంకు లోన్‌తో పెట్టే చిన్న ఆహార యూనిట్‌కు పెట్టుబడిలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. పొదుపు సంఘాల సభ్యులకు 40,000 దాకా మూలధనం కూడా అందులో పెట్టారు. కానీ లోన్‌తో వచ్చేవి మిషన్లు, మిరపకాయలు కాదు. అమెరికాలో శ్రీరాచా అనే మిరపకాయ సాస్ చేసే హుయ్ ఫాంగ్ కంపెనీ కథ చూడండి. 1980లో మొదలై, ఏళ్ళ తరబడి ఒకే రైతు కుటుంబం తోటల మీద ఆధారపడి అంత పెద్దదైంది. ఆ పొత్తు చెడి కోర్టుకెక్కారు, 2019లో జ్యూరీ రైతు పక్షానికి 2.33 కోట్ల డాలర్లు ఇవ్వమంది. 2022లో మిరపకాయలు దొరక్క తయారీ ఆపాల్సి వచ్చింది. అంత పెద్ద ఫ్యాక్టరీ కూడా కాయ ముందు చేతులు కట్టుకుని నిలబడింది. మన దగ్గరా అంతే. 2021-22లో నల్లతామర పురుగు వచ్చి రాష్ట్రమంతటా మిరప తోటలు ఎలా పోయాయో రైతులు ఇంకా మరిచిపోలేదు.

హైదరాబాద్‌లో ఒక షాపువాళ్ళు నెలనెలా సరుకు పంపగలరా అని అడిగారు. ముందు కాయ సంగతి తేలనీ అన్నాం. కోడుమూరు వైపు ఒక రైతుతో మాట్లాడుకున్నాం. పండుకాయ మూడు నాలుగు కిలోలు ఎండితే గానీ ఒక కిలో ఎండుమిర్చి కాదు. కళ్ళంలో ఆరబోయాలి, మబ్బు పడితే పట్టలు కప్పాలి, తాలు ఏరాలి, బస్తాలకెత్తాలి, లారీ కిరాయి కట్టాలి, అంతా అయ్యాక యార్డులో రేటు ఎంతుంటుందో దేవుడికి తెలియాలి. పండుకాయే చేను దగ్గర మాకు అమ్మితే ఈ ఖర్చులేవీ ఆయనకు ఉండవు. అందుకే కిలో 40కి, రేటు ముందే ఖాయం చేసుకుని, ఒప్పుకున్నాడు. యార్డులో పెరిగినా తగ్గినా అదే రేటు. రైతుకు మేలు అని నేనన్న దారి ఇదే, మా ఇద్దరి వల్ల అయ్యేది ఒక రైతు తోటలో కొన్ని సాళ్ళు మాత్రమే.

ఆయన పెట్టిన షరతు ఒక్కటే, కోత రోజే డబ్బు చేతిలో పెట్టాలని. న్యాయమైన మాట. కానీ జనవరి నుంచి మార్చి దాకా కొన్న కాయ ఏడాది పొడవునా సాస్ అవుతుంది, ఆ సాస్ అంగళ్ళకు పోయి, అక్కణ్ణుంచి డబ్బులు రావడానికి ఇంకా నెలలు పడుతుంది. మాకు లోన్ అంటూ కావలసి వస్తే ఆ గడువును దాటడానికే. వదిన తన ఖాతాలో చేరిన కూలి డబ్బు ఇస్తానంటోంది. వడ్డీ ఎంతో ముందే రాసుకుందామని నేనంటున్నాను.